సగం జీతం... నిండు కంచం

ఉద్యోగ విరమణ, ఆగిపోయిన జీతం, తొలి కాన్పు, దూరమైన తోడు... ఇంట్లో మార్పు ఏదైనా మొదట తగిలేది వంటింటికే. అక్కడ దేన్ని తగ్గించాలి? దేని జోలికి పోకూడదు?

నెల సరుకుల చీటీ తీసి చూడండి. ఆ ఇంటి కథంతా అందులోనే ఉంటుంది.

పెళ్లైన కొత్తలో కిలో కందిపప్పు, అరకిలో మినప్పప్పుతో సరిపోయే చీటీ పిల్లలు పుట్టాక పొడుగవుతుంది. బిస్కెట్లు, నూడుల్స్, జామ్ సీసా వచ్చి చేరతాయి. పిల్లలు హాస్టళ్లకో, హైదరాబాద్‌కో, అమెరికాకో వెళ్లాక మళ్లీ చిక్కిపోతుంది. ఇంటాయనకు షుగరని తెలిసిన నెల పంచదార రెండు కిలోలు కాస్తా అరకిలో అవుతుంది. ఇవన్నీ మెల్లగా వచ్చే మార్పులు. అలవాటు పడేందుకు కాస్త టైముంటుంది.

అలా కాకుండా ఒక్క నెలలో, ఒక్క ఫోన్‌కాల్‌తో చీటీని సగానికి కోసేయాల్సి వస్తే?

2020 లాక్‌డౌన్‌లో ఎన్నో ఇళ్లకు ఆ అనుభవం ఒకేసారి ఎదురైంది. కానీ మామూలు రోజుల్లోనూ అది ఏదో ఒక ఇంటి తలుపు తడుతూనే ఉంటుంది. పాత పింఛను విధానంలో పూర్తి సర్వీసు చేసిన ప్రభుత్వోద్యోగికి వచ్చేది చివరి మూలవేతనంలో సగం. ప్రైవేటు ఉద్యోగికి ఆ సగమూ ఉండదు. ఇద్దరి జీతాలతో నడిచిన ఇంట్లో పాపాయి పుడితే ఒక జీతం ఆగుతుంది, ఖర్చు మాత్రం రెట్టింపవుతుంది. ఇంటి అద్దె తగ్గదు. స్కూలు ఫీజు ఆగదు. బ్యాంకు వాయిదా అయిదో తారీఖుకల్లా దానంతటదే పోతుంది. మిగిలింది వంటిల్లే. అందుకే కత్తెర ముందు అక్కడే పడుతుంది.

అసలు చిక్కంతా ఆ కత్తెర దేనిమీద పడుతోందన్నదే.

ముందు కొట్టేసేవి... మిగిల్చేవి

చేతిలో డబ్బు తగ్గిన ఇంట్లో చీటీలోంచి ముందు ఎగిరిపోయేవి పాలు, పండ్లు, గుడ్లు, పల్లీలు. ఆ తర్వాత పప్పు పలచబడుతుంది. బియ్యం, నూనె, టీపొడి, పంచదార, బిస్కెట్లు మాత్రం చెక్కుచెదరవు. దీని వెనక ఒక లెక్క లేకపోలేదు. బియ్యం కడుపు నింపుతుంది. టీ ఆకలిని కాసేపు వెనక్కి నెడుతుంది. బిస్కెట్ ప్యాకెట్ ఉంటే పిల్లలకు ఇంట్లో ఏదో జరిగిందన్న అనుమానం రాదు!

ఆ లెక్కను ఇంకో లెక్క పక్కన పెట్టి చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది. రోజుకు రెండు వేల కెలోరీలు కావలసిన మనిషికి ఆ సంస్థ చెప్పిన కంచంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పల్లీలూ నువ్వుల్లాంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. అంతా వండకముందు బరువే. దీన్ని నలుగురికి, ముప్పై రోజులకు లెక్కేస్తే ధాన్యాలు 30 కిలోలు, పప్పుల కోటా 10 కిలోల పైచిలుకు, నూనె మూడుంపావు కిలోలు.

ఇప్పుడు మీ చీటీ చూసుకోండి. బియ్యం బస్తా, గోధుమపిండి, ఇడ్లీరవ్వ, ఉప్మారవ్వ, అటుకులు అన్నీ కూడితే ధాన్యాలు 30 కిలోలు దాటిపోతాయి. నూనె ప్యాకెట్లు అయిదారు ఉంటాయి. పప్పులన్నీ కలిపినా మూడు నాలుగు కిలోలు ఉంటే గొప్ప. అంటే డబ్బు బాగా ఉన్న రోజుల్లోనే మన చీటీ తలకిందులుగా ఉంది. ఇప్పుడు తగ్గించాల్సిన చోటు తెలిసిపోయింది కదా... నూనె, పంచదార, ప్యాకెట్లు. పప్పు దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోకూడదు.

నూనెను తగ్గించడానికి పెద్ద ఉపాయాలేం అక్కర్లేదు. నెలకింత అని ఒక డబ్బాలో పోసి పెట్టుకుని, అది అయిపోతే మళ్లీ నెల వరకూ కొనకూడదన్న నియమం చాలు. మొదటి నెల ఇరవయ్యో తారీఖుకే డబ్బా అడుగంటుతుంది. ఆ పదిరోజులు పులుసులు, పప్పుచారు, ఆవపెట్టిన కూరలతో గడపాల్సి వస్తుంది. గడపండి. రెండో నెల మూకుడులో నూనె పోసే చెయ్యి దానంతటదే తేలికవుతుంది.

కందిపప్పు ఒక్కటే పప్పా?

తెలుగువాళ్లకు పప్పంటే కందిపప్పే. 2015లో అది కిలో రెండొందల రూపాయల దాకా ఎగబాకినప్పుడు చాలా ఇళ్లలో పప్పు వారానికి రెండుసార్లకు తగ్గింది. అదే కొట్టులో పక్క డబ్బాల్లో ఉలవలు, బొబ్బర్లు, బఠాణీలు, శనగలు ఉన్నాయి. మాంసకృత్తుల్లో కందిపప్పుకు ఏమీ తీసిపోవు. నూరు గ్రాముల కందిపప్పులో ఉండేది సుమారు 22 గ్రాములు. ఉలవల్లోనూ దాదాపు అంతే. పెసలు, బొబ్బర్లు ఇంకాస్త ఎక్కువే. పల్లీలైతే పాతిక గ్రాముల దాకా వెళ్తాయి.

ఉలవల సంగతి చెప్పాలంటే కాస్త నవ్వొస్తుంది. ఒకప్పుడు ఎడ్లకు దాణాగా ఉడకబెట్టి, ఆ ఉడికిన నీళ్లను వంపి ఇంట్లో చారు కాచుకునేవారు. పశువులకు ఉలవలు, మనుషులకు వాటి నీళ్లు! ఇప్పుడదే ఉలవచారు పెళ్లి భోజనాల్లో వెన్నతో సహా వడ్డిస్తున్నారు. హోటళ్లలో ఉలవచారు బిర్యానీ అని అంతకంత వసూలు చేస్తున్నారు. ఇంట్లో అయితే గుప్పెడు ఉలవలు రాత్రి నానబెట్టి పొద్దున కుక్కర్లో వేస్తే, నీళ్లు చారుకీ గింజలు గుగ్గిళ్లకీ పనికొస్తాయి. ఆ గింజల్ని పారబోయొద్దు. బలమంతా వాటిలోనే ఉంది.

టమాటాదీ ఇలాంటి కథే. 2023 జులైలో కిలో వంద దాటిపోయి జనం బెంబేలెత్తారు. టమాటా లేకుండా కూరెలా అన్నారు. నిజానికి టమాటా మన నేలమీదికి బయటి నుంచి వచ్చిన కాయ. అది రాకముందు మన వంటింట్లో పులుపుకు కరువా? చింతపండు, చింతచిగురు, గోంగూర, చుక్కకూర, మామిడికాయ, నిమ్మ, దబ్బ... ఏ రుతువుకు ఆ పులుపు ఉంది. ఎండాకాలం మామిడికాయ పప్పు, తొలకరికి చింతచిగురు పప్పు, మిగిలిన రోజుల్లో చుక్కకూర. ధర పెరిగిన వస్తువును వదిలేసి కాలం ఇచ్చిన వస్తువును పట్టుకోవడం మన అమ్మమ్మలకు బాగా తెలిసిన విద్య.

తెలంగాణలో పచ్చిపులుసు చూడండి. చింతపండు రసం, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, వేయించి దంచిన నువ్వులు. పులుసును పొయ్యిమీద పెట్టే పనే లేదు. రాయలసీమ రాగిసంగటిలోకి పప్పుల పొడో, పల్లీల చట్నీనో చాలు. నూరు గ్రాముల రాగుల్లో మూడొందల మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. పాలు తగ్గించక తప్పని ఇంట్లో ఈ మాట గుర్తుంచుకోవాలి. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి పొద్దున ఉల్లిపాయ నంజుకుని తినే చద్దన్నానికి ఇప్పుడు డాక్టర్లే ఓటేస్తున్నారు. బియ్యప్పిండిలో పల్లీలు, శనగపప్పు, నువ్వులు కలిపి గిన్నెకు తట్టి కాల్చే సర్వపిండి ఒక్కటి చాలు, సాయంత్రం పిల్లల ఆకలికి. ఇవేవీ పేదరికానికి గుర్తులు కావు. ఎలా వండుకోవాలో తెలిసినవాళ్ల వంటలు.

ఎక్కడ కొనాలి?

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలన్నది ఆలోచన. బోర్డు మీద ధరలు రాసి ఉంటాయి కాబట్టి కనీసం మోసపోతున్నామా లేదా అన్నది తెలుస్తుంది. వారానికి ఒక్కసారి సంచీ పట్టుకుని వెళ్లి తెచ్చుకునే కూరగాయలకూ, సెల్‌ఫోన్‌లో మీట నొక్కి పది నిమిషాల్లో తెప్పించుకునే కూరగాయలకూ తేడా ధరలో మాత్రమే లేదు. కొత్తిమీర కట్ట కోసం యాప్ తెరిస్తే డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి చిప్స్ ప్యాకెట్, చాక్లెట్ కూడా బుట్టలో పడతాయి. నెలాఖరుకు ఎంతైందో చూసుకుంటే గుండె గుభేలుమంటుంది. చేతిలో డబ్బు తగ్గిన నాలుగైదు నెలలపాటు ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయడం మంచిది. మొహమాటపడాల్సిన పనిలేదు, అది చుట్టమేం కాదు.

బియ్యం దగ్గర ఒక జాగ్రత్త. చవకని కొత్తబియ్యం బస్తా తెస్తే అన్నం ముద్దవుతుంది, ఒదగదు. గ్లాసున్నర పోయాల్సిన చోట రెండు గ్లాసులు పోయాల్సి వస్తుంది. కాస్త ధర ఎక్కువైనా పాతబియ్యం చాలాసార్లు కలిసొస్తాయి. రేషన్ కార్డు ఉండీ ఆ బియ్యాన్ని అమ్ముకునే ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చిన రోజుల్లో వాటికి ఉన్న విలువ తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. తెలంగాణలో 2025 ఉగాదికి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇచ్చే పథకం మొదలయ్యాక కొన్ని ఇళ్లలో ఆ బియ్యం మళ్లీ వంటింట్లోకి వచ్చాయి. దొడ్డుబియ్యమైనా సరే, దోసెకూ, ఇడ్లీకీ, పిండివంటలకూ బంగారంలా పనికొస్తాయి. ఇడ్లీపిండి ప్యాకెట్లు కొనే ఖర్చు దీంతోనే ఆగిపోతుంది.

పిల్లలకు చెప్పాలా?

ఇది వంటకన్నా పెద్ద ప్రశ్న. చాలా ఇళ్లలో జవాబు ‘వద్దు’ అనే. చిన్నపిల్లలు, బెంగపెట్టుకుంటారు, చదువు పాడవుతుంది... కారణాలు బోలెడు.

విజయవాడలో మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇదే జరిగింది. 2020లో ఇంటాయన పనిచేసే ప్రైవేటు సంస్థ మూతపడింది. పిల్లలకు ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అని చెప్పారు. ఆయన రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గదిలో లాప్‌టాప్ ముందు కూర్చునేవారు. ఉద్యోగాల కోసం దరఖాస్తులు పెట్టుకుంటూ సాయంత్రం దాకా గడిపేవారు. పిల్లలు అడిగినవన్నీ ఇంటికి వస్తూనే ఉన్నాయి. ఆవిడ చేతి గాజులు మాత్రం నెలకో జత బీరువాలోంచి మాయమయ్యాయి. నాలుగో నెలలో పదో తరగతి చదివే కూతురికి పుస్తకాల అరలో తాకట్టు కొట్టు రసీదు దొరికింది.

ఏడుపులు, పెడబొబ్బలు ఏం లేవు. “నాన్నా, ముందే చెప్తే నేను పుట్టినరోజుకి ఫోన్ అడిగేదాన్నే కాదు కదా” అందట. ఆ సాయంత్రం నలుగురూ కూర్చుని చీటీ రాశారు. రాసింది ఆ పిల్లే. కెచప్ పోయింది. కూల్‌డ్రింకులు పోయాయి. చపాతీల్లోకి కొనే చీజు పోయింది. తమ్ముడికిష్టమైన క్రీము బిస్కెట్ల దగ్గర పెద్ద యుద్ధమే జరిగి, నెలకు రెండు ప్యాకెట్ల దగ్గర రాజీ కుదిరింది. చివర్లో ఆ పిల్ల చీటీలో లేని ఒక వస్తువు కలిపింది. రోజూ ఇంకో అరలీటరు పాలు. ఎందుకమ్మా అంటే, “మూడు నెలల నుంచీ నువ్వు డికాక్షనే తాగుతున్నావు. మజ్జిగ కూడా వేసుకోవట్లేదు. నేను చూడట్లేదనుకున్నావా” అంది.

పిల్లలు చూడరనుకోవడం మన భ్రమే. నేర్పాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. చీటీ, పెన్ను చేతికిస్తే చాలు. దుబారా ఎక్కడుందో పెద్దవాళ్లకన్నా ముందే పట్టేస్తారు. మరీ చిన్నపిల్లలకైతే ఇంత వివరం అక్కర్లేదు. ‘ఈ ఆరు నెలలూ బయట తినడం లేదు, ఇంట్లోనే చేసుకుందాం’ అంటే అర్థం చేసుకుంటారు.

ఇల్లాలి కంచం

ఆ పిల్ల చూసిన విషయం చాలామంది మొగుళ్లు చూడరు. ఇంట్లో ఖర్చు తగ్గించాల్సి వస్తే మొదట తగ్గేది ఇల్లాలి కంచమే. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. గుడ్లు మూడే ఉంటే మూడూ మిగిలినవాళ్లకే. కూర అడుగున మిగిలితే ఆమెకు, లేకపోతే పచ్చడి. దీన్ని త్యాగమని మెచ్చుకునే అలవాటొకటి మనకుంది. ఆ అలవాటు ఎంత ఖరీదైనదో లెక్కలు చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నూటికి సగానికన్నా ఎక్కువమంది! ఇది పేద ఇళ్ల లెక్కే అనుకుంటే పొరపాటు.

ఆకుకూర ఉన్నంతలో చవకైన మందు. తోటకూర, గోంగూర, మునగాకు. పెరటి చెట్టు ఉంటే మునగాకుకు పైసా ఖర్చు లేదు. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆచారం ఎందుకు పెట్టారో గానీ మిగిలిన పదకొండు నెలలు తినొద్దని మాత్రం ఎవరూ అనలేదు. ఆకుకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ పట్టేది కూడా పట్టదు. గంటాగి తాగండి. ఇంకో చిన్న పద్ధతి... వడ్డించేటప్పుడు ముందే అన్ని కంచాల్లో కూర సమానంగా వేసేయడం. ‘నేను తర్వాత తింటాలే’ అన్న మాటను ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోకూడదు. అత్తగారు ఒప్పుకోకపోతే ఇంకా మంచిది.

రిటైరైనాయన వంటింట్లోకి వస్తే...

ముప్పై అయిదేళ్లు ఆఫీసులో ఫైళ్లు చూసిన చేతులు ఖాళీ అయ్యాక ఆయన చూపు ఫ్రిజ్ మీద పడుతుంది. ‘ఈ పచ్చిమిర్చి ఎందుకు కుళ్లిపోయింది?’ ‘గ్యాసు నెలకే ఎందుకయింది?’ అంటూ విచారణ మొదలెడతారు. ఆవిడకు ఒళ్లు మండుతుంది. మండదూ మరి! ఇన్నేళ్లూ ఒంటిచేత్తో నడిపిన శాఖ మీద కొత్తగా ఆడిట్ అంటే ఎవరికి మాత్రం నచ్చుతుంది?

దీనికి మందు ఒకటే. ఆడిటర్ని గుమస్తాగా మార్చేయాలి. పొద్దున కూరగాయలు తేవడం, తరగడం, పప్పు నానబెట్టడం, గ్యాసు లెక్క ఆయనకు అప్పగించేయాలి. ఇంటికొచ్చే సిలిండర్లో గ్యాసు 14.2 కిలోలు. అది వేసిన తారీఖు గోడమీది క్యాలెండర్లో రాయడం దగ్గర్నుంచి మొదలుపెట్టమనండి. మూత లేకుండా మరిగే గిన్నెలో నీళ్లు, ఎంత పెద్ద మంట పెట్టినా నూరు డిగ్రీలు దాటి వేడెక్కవు. కాబట్టి పొంగు రాగానే మంట తగ్గించి మూత పెడితే అదే ఉడుకు, సగం గ్యాసు. పప్పు గంట ముందు నానబెట్టినా, ఒకే కుక్కర్లో రెండు గిన్నెలు పేర్చి అన్నం, పప్పు ఒకేసారి వండినా, చివరి విజిల్‌కు ముందే స్టవ్ కట్టేసి లోపలి ఆవిరికి పని అప్పజెప్పినా మిగిలేది ఎంతో ఆయన క్యాలెండరే చెబుతుంది. లెక్కలు చూసి చూసి అలవాటైన మనిషికి ఇంతకన్నా కాలక్షేపం ఏముంది? ఆరు నెలలు తిరిగేసరికి ఉప్మా కూడా వచ్చేస్తుంది.

అది రావడం మంచిదే. ఎందుకంటే...

ఒక్కరికి వంట

ఒకరోజు ఇద్దరిలో ఒకరు మిగులుతారు. నలుగురికి వండిన చేతికి ఒక్కరికి వండటం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. ఆడవాళ్లయితే ‘నా ఒక్కదానికీ ఏం వండుతాంలే’ అని పెరుగన్నంతో రోజులు వెళ్లదీస్తారు. మగవాళ్లయితే ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం పడేసి, కూరలు కర్రీపాయింట్ నుంచి తెచ్చుకుంటారు. మన ఊళ్లలో కర్రీపాయింట్లు చేస్తున్న మేలు తక్కువేం కాదు. కాకపోతే రోజూ అవే అంటే ఉప్పూ నూనే మన చేతిలో ఉండవు. బీపీ ఉన్నవాళ్లకు అది ఇబ్బందే. జేబుకూ భారమే.

అలాంటివాళ్లు ముందు చేయాల్సిన పని, పెద్ద గిన్నెలన్నీ అటకెక్కించడం. లీటరున్నర కుక్కర్, చిన్న మూకుడు, ఒక గిన్నె... ఇవి చాలు. పెద్ద మూకుడులో ఒక్కరి కూర మాడుతుంది, నూనె ఎక్కువ తాగుతుంది. నెలకోసారి కందిపొడి, కరివేపాకు పొడి చేసుకుంటే, కూర వండాలనిపించని రోజు వేడన్నంలో పొడి, నెయ్యి, పక్కన ఉడికించిన గుడ్డుతో భోజనం అయిపోతుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో పెద్దవాళ్లు ఎదురెదురు ఇళ్లలో ఉంటూ ఒకరు పప్పు, ఒకరు కూర చేసి గిన్నెలు మార్చుకుంటున్నారు. ఖర్చు కలిసొస్తుంది. గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చిన మనిషితో కాసేపు మాటలూ కలుస్తాయి.

ఇక ఒక్కరి అన్నానికి కొలత అంటారా? పూటకు అరగ్లాసు పాతబియ్యం, దానికి రెండింతలకు కాస్త పైగా నీళ్లు. మొదటివారం జావో, పలుకో అవుతుంది. రెండోవారానికి చెయ్యి కుదురుతుంది. అప్పటిదాకా వీధి చివర కర్రీపాయింట్ ఎలాగూ తెరిచే ఉంటుంది.